తాళము తప్పిన యంత్రము

మార్కాపురపు పలక మీద ఓనమాలు దిద్దని తెలుగు బిడ్డలు ఒక కాలమున అరుదు. నేలలోని రాతిపొరలను చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రములో బిగించి ఊరూరికి పలకలు పంపిన ఊరది. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970లో కర్నూలు జిల్లా నుండి విడివడి క్రొత్త జిల్లాలో చేరినను, పలక పేరు మాత్రము మారలేదు. పలకకు రెండు గుణములు గలవు. తప్పును దిద్దుకొనవచ్చును, ఏమరుపాటున ఒప్పును గూడ తుడిచివేయవచ్చును. ఈ రెండు గుణములును గల మరియొక పలకను గూర్చి నేడు ముచ్చటింప దలచినాము. అది పాటను వరుసగా వ్రాయించుకొని తానే వాయించు కంప్యూటర్. ఆ పని చేయించు సాఫ్ట్‌వేర్‌ను సీక్వెన్సర్ అందురు.

ఆమధ్య మార్కాపురము వైపునుండి మా మిత్రులొకరు కబురంపిరి. వారు పూర్వము పెండ్లిండ్లలోను, తిరునాళ్ళలోను పాటకచేరీలు చేసిన బృందములో కీబోర్డు వాయించినవారు. అటక మీది పాత కంప్యూటర్‌ను దింపి పాట పెట్టగా, పల్లవి బాగుగనే నడచినది. చరణము వచ్చుసరికి మృదంగము పాటకంటె ముందు పోవుచున్నది. నడుమ ఒక స్వరము ఆగక మ్రోగుచున్నది. పెట్టెకు వయసు మీరినదని, పారవేయుమని ఇంటి పిల్లలు నవ్విరట. మిత్రులు మాతో అన్నమాట ఇది: “పెట్టె పోతే పోయిందండీ. అందులో నలభై పాటలున్నాయి. ఒక్కటీ కాగితం మీద లేదు.”

పాత యంత్రమును ముట్టుకొనుటకు ముందు దానిలో ఉన్నదేమో తెలిసికొనవలెను. ఆ ఫ్లాపీలలో ధ్వని లేదు. ఆజ్ఞలు మాత్రమే కలవు. ఏ స్వరము ఎప్పుడు మొదలు కావలెను, ఎంత గట్టిగా మ్రోగవలెను, ఎప్పుడు ఆగవలెను అను వివరములన్నియు అంకెల రూపమున ఉండును. చదువు యంత్రము లేనిదే పాట లేదు.

అంకెలచే పాట పాడించు విద్యకు డెబ్బది యేండ్లు దాటినవి. 1951లో ఇంగ్లండులోని మాంచెస్టరునందు ఒక గదినిండిన కంప్యూటర్ వాయించిన పాటలను బి.బి.సి. రేడియో వారు రికార్డు చేసిరి. 2016లో న్యూజీలాండు పరిశోధకులు ఇద్దరు ఆ రికార్డును పరీక్షించి, అందలి శ్రుతులు ఆ యంత్రము పలుకజాలనివని లెక్కగట్టిరి. అనగా తప్పు యంత్రమునది కాదు, రికార్డు తిరిగిన వేగమునది. వేగమును సరిచేయగా అసలు ధ్వని తిరిగి వినవచ్చినది. యంత్రపు లెక్క తెలిసినవానికే దాని తప్పును పట్టుట సాధ్యమని ఈ కథ చెప్పుచున్నది.

1983లో వాద్యయంత్రములన్నిటికిని ఒకే భాష ఏర్పడినది. దాని పేరు మిడి. 1985లో వచ్చిన అటారీ కంప్యూటర్‌కు ఆ తీగ తగిలించు రంధ్రములు పుట్టుకతోనే ఉండెను. మన సినిమా సంగీతమునకును ఈ విద్య ప్రాకినది. రాజ్–కోటి ద్వయము వద్ద కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రెహమాన్ 1992లో “రోజా” చిత్రముతో సంగీత దర్శకుడైనాడు. క్రమముగా చిన్న పట్టణముల పాటకచేరీ బృందముల వారును కంప్యూటర్ ముందు కూర్చుండిరి.

మిడి తీగలో ఆజ్ఞలు గుంపుగా పోవు. ఒకదాని వెనుక ఒకటి పోవును. కంభము చెరువులో నీరెంత ఉన్నను తూము వెడల్పును బట్టియే కాలువకు వచ్చును గదా! ఈ తూము వెడల్పు సెకనుకు 31,250 బిట్లు. ఒక స్వరపు ఆజ్ఞ దాటుటకు సుమారు ఒక మిల్లీసెకను పట్టును. కొన్ని స్వరములకు ఇది చాలును. గమకమునకు మాత్రము స్వరమును వంచుచు వందల ఆజ్ఞలు పంపవలెను. అప్పుడు తూము క్రిక్కిరిసి వెనుకవి ఆలస్యమగును. గమకము పలుకదను ఆక్షేపణతో 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును దూరముంచినదని, 1971లో ఆ కట్టడిని కొంత సడలించినదని శ్రోతలలో పెద్దలెరుగుదురు. ఆ చిక్కే మరియొక రూపమున ఇచ్చటను ఎదురైనది.

ఇక మా మిత్రుల పెట్టె సంగతి. మొదట మరమ్మతు జోలికి పోలేదు. ఫ్లాపీ మూలనున్న చిన్న కిటికీని తెరచినచో దానిమీద వ్రాత పడదు. అట్లు కాపాడి, పాటలన్నిటికిని నకళ్ళు తీసినాము. పాత ఫ్లాపీకి ప్రతి చదువును కడపటిది కావచ్చును. పిమ్మట తీగ మార్చినాము. ఆగని స్వరము ఆగినది. “ఆగుము” అను ఆజ్ఞ చెడిన తీగలో పోయి వాద్యమునకు చేరకుండెను. గమకపు ఆజ్ఞలను పలుచన చేయగా తడబాటు తగ్గినది.

మృదంగము మాత్రము దారికి రాలేదు. తక్కిన వరుసలను మూసి, చేతితో తాళము వేయుచు లెక్కించినాము. ఆదితాళము పండ్రెండు ఆవర్తనములు ముగియుసరికి మృదంగము సరిగా ఒక్క అక్షరము ముందున్నది. మరల వాయించినను అంతే. వార్ధక్యమువలన వచ్చు తప్పు ఒకనాడొక విధముగా ఉండును. లెక్కగా వచ్చు తప్పు లెక్కలోనిదే.

ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క అక్షరకాలమును 96 భాగములు చేయుచున్నది. రెండుకు, మూటికి, నాలుగుకు 96 చక్కగా తెగును. మిత్రులు మృదంగమును ఖండగతిలో, అనగా అక్షరమునకు ఐదు దెబ్బల చొప్పున వ్రాసిరి. 96ను ఐదుచే భాగించిన 19 వచ్చి ఒకటి మిగులును. వారు ప్రతి దెబ్బకును 19 ఇచ్చిరి. ఐదు దెబ్బలకు 95. అక్షరమునకు ఒక భాగము చొప్పున 96 అక్షరములలో ఒక పూర్తి అక్షరము మాయమైనది. పండ్రెండు ఆవర్తనములకు 96 అక్షరములే గదా! పూర్వము కచేరీలో ప్రతి చరణమునకును మృదంగమును చేతితో మరల మొదలు పెట్టెడివారట. అందుచే లోపము దాగినది. యంత్రము మొదటినుండియు వ్రాసినది వ్రాసినట్లే వాయించినది.

మందు చిన్నది. నాలుగు దెబ్బలకు 19, ఐదవదానికి 20 ఇచ్చినాము. అక్షరమును 480 భాగములు చేయు సాఫ్ట్‌వేర్‌లో ఈ చిక్కు లేదు. ఐదవ వంతు సరిగా 96. మిశ్రగతికి మాత్రము అదియు చాలదు. ఏడు దెబ్బలలో నాలుగింటికి 69, మూటికి 68 ఇచ్చి సరిపెట్టవలెను.

ఆ సాయంకాలము పాట తాళము తప్పక చివరివరకు నడచినది. పిల్లలు నవ్వలేదు. నలుబది పాటలను 1988లో ఏర్పడిన, అన్ని సీక్వెన్సర్లు చదువగల ప్రామాణిక మిడి రూపములోనికి మార్చి, వాయించిన ధ్వనిని గూడ రికార్డు చేసి భద్రపరచితిమి. 1991కి పూర్వము ఏ సంఖ్యకు ఏ వాద్యమను ఏకాభిప్రాయము లేదు కనుక, అంకెలు మాత్రమే దాచినచో రేపు వేణువు వ్రాసినచోట వేరొకటి మ్రోగవచ్చును.

ఇట్టి పెట్టెలు మన పట్టణముల అటకల మీద ఇంకను ఉన్నవి. పారవేయుటకు ముందు ఒక్కమారు నకలు తీయుడని, పిమ్మట తాళము వేసి వినుడని మా మనవి. పలక పగిలినను పరవాలేదు. దానిమీది అక్షరమును ముందుగా ఎత్తి వ్రాసికొనవలెను.