బైబిల్లో దేవుని భిన్న రూపాలు: కరీంనగర్, ఆదిలాబాద్ సంప్రదాయాలు

బైబిల్లో దేవుడు ఒకచోట అమాలేకీయులను నిర్మూలించమంటాడు, మరోచోట శత్రునగరం నీనెవెను క్షమిస్తాడు. ఈ తేడాలపై చర్చ రెండో శతాబ్దం నాటికే ముదిరింది. పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్న మార్సియన్‌ను 144లో రోమ్ సంఘం వెలివేసింది. దేవుడు ఒక్కడేననీ, పసితనంలో ఉన్న మానవజాతిని మెల్లమెల్లగా ఎదగనిచ్చాడనీ 180 ప్రాంతంలో ఇరేనియస్ జవాబు రాశాడు.

కోపాన్ని పాత నిబంధనకు, ప్రేమను కొత్తదానికి పంచిపెట్టడం సులువే గాని మూలం అందుకు ఒప్పుకోదు. హోషేయ గ్రంథంలో దేవుడు బిడ్డకు నడక నేర్పుతాడు. అపొస్తలుల కార్యాల్లో అననీయ, సప్పీర అబద్ధమాడి ప్రాణాలు విడుస్తారు. దావీదును జనసంఖ్యకు పురికొల్పింది దేవుని కోపమేనని 2 సమూయేలు 24 చెబితే, సాతాను అని 1 దినవృత్తాంతములు 21 చెబుతుంది. 1 సమూయేలు 15 మరీ విచిత్రం: సౌలును రాజును చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడనీ, ఆయన పశ్చాత్తాపపడేవాడు కాడనీ రెండూ అక్కడే ఉన్నాయి.

ఉత్తర తెలంగాణకు ఈ చర్చ రెండు దారుల్లో చేరింది. కరీంనగర్ ప్రాంతానికి 19వ శతాబ్దం చివరి దశకాల్లో వెస్లియన్ మిషన్ వచ్చింది. దేవుడు కొందరిని పుట్టకముందే నరకానికి నిర్ణయించాడన్న సిద్ధాంతాన్ని ఏ వాక్యమూ రుజువు చేయలేదని జాన్ వెస్లీ 1739లో బ్రిస్టల్‌లో ప్రసంగించాడు. ఆయనకు ప్రేమే కొలమానం. ఆ వెస్లియన్ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. కరీంనగర్ డయాసిస్ 1978లో ఏర్పడింది. దక్షిణ ఇండియా సంఘపు 1950 నాటి ప్రభురాత్రి భోజన క్రమంలో పాత నిబంధన, పత్రిక, సువార్త మూడూ చదవాలి. ఇష్టమైన పేజీలే చదువుకునే వీలు అక్కడ లేదు.

మంచిర్యాల కేంద్రంగా 1999లో ఏర్పడ్డ ఆదిలాబాద్ సీరో-మలబార్ మేత్రాసనానిది తూర్పు సిరియా వారసత్వం. ఆ సంప్రదాయం గురువుగా ఎంచిన థియొడోర్ (మరణం 428) పాత కథలను వాటి కాలంలోనే ఉంచి చదవమన్నాడు. అంతకుముందు అలెగ్జాండ్రియాకు చెందిన ఒరిగెన్ యెహోషువ యుద్ధాలను మనసులోని దుర్గుణాలపై పోరుగా మార్చి చెప్పాడు. ఒరిగెన్ పద్ధతి ఊరటనిస్తుంది, థియొడోర్‌ది నిజాయితీగా ఉంటుంది.

తెలుగు క్రైస్తవుల్లో మాల, మాదిగలే ఎక్కువ. 1981లో బెంగళూరులో దళిత వేదాంతానికి పునాది వేసిన అరవింద్ నిర్మల్, ద్వితీయోపదేశకాండం 26లో బానిసల మొర విన్న దేవుణ్ణి ఆధారం చేసుకున్నారు. కాని ఆ విమోచకుడే కనానీయుల భూమిని ఇతరులకిచ్చాడు. అమెరికా ఆదివాసి పండితుడు రాబర్ట్ అలెన్ వారియర్ 1989లో కనానీయుల వైపు నుంచి ఈ అభ్యంతరమే లేవనెత్తాడు. భూమి కోసం, అడవి కోసం గోండులు పోరాడిన ఆదిలాబాద్‌లో ఇది దూరదేశపు వాదం కాదు. దీనికి వెస్లీ దగ్గర గాని, థియొడోర్ దగ్గర గాని సరిపోయే జవాబు లేదు.