జిల్లా పరిషత్ అధ్యక్షుడి ప్రత్యక్ష ఎన్నిక (శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు)

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పల్లె ఓటర్లు జిల్లా పరిషత్ (జెడ్పీ) అధ్యక్షుడికి నేరుగా ఓటేసింది ఒక్కసారే, 1987లో. అంతకుముందు, ఆ తర్వాత కూడా ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చింది ప్రజాప్రతినిధులే.

1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. సమితి ప్రెసిడెంట్లే పరిషత్తులో ప్రధాన సభ్యులు కావడంతో, వారిని కూడగట్టుకున్నవారికే జిల్లా పీఠం దక్కేది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా అయ్యాక అక్కడా ఇదే పద్ధతి నడిచింది.

ఎన్టీ రామారావు ప్రభుత్వం 1985లో తాలూకాలను తీసేసి మండలాలు తెచ్చింది. 1986 చట్టంతో సమితుల స్థానంలో మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి. మండలాధ్యక్షుడితో పాటు జిల్లా అధ్యక్షుడినీ ఓటర్లే ఎన్నుకోవాలన్నది ఆ చట్టంలో అసలు మలుపు. ఎన్నికలు 1987లో పార్టీ గుర్తుల మీదే జరిగాయి. పురపాలక సంఘాల ఓటర్లకు ఇందులో భాగం లేదు. అయినా శ్రీకాకుళం అభ్యర్థి కవిటి నుంచి వీరఘట్టం దాకా, విజయనగరం అభ్యర్థి కురుపాం కొండల నుంచి భోగాపురం తీరం దాకా ఓట్లడగాల్సి వచ్చింది. గెలిచాక చేతికందే అధికారం మాత్రం ఆ ఓట్లకు తగ్గది కాదు. నిధుల తాళం హైదరాబాదులో, యంత్రాంగం కలెక్టరేటులో ఉండేవి.

ఈ పద్ధతికి తెర దించింది రాష్ట్ర రాజకీయం కాదు, రాజ్యాంగమే. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ, మండల, జిల్లా స్థాయి అధ్యక్షులను ఎన్నికైన సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలని నిర్దేశించింది. గ్రామ స్థాయిలో నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది కనుక సర్పంచ్ ఎన్నిక నేటికీ ప్రత్యక్షమే. 1994 చట్టం ప్రకారం 1995 నుంచి మండల, జిల్లా ప్రాదేశిక సభ్యులు (ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు) వచ్చారు. వారితో పాటే విప్‌లు, చేతులెత్తే ఓటింగు, క్యాంపు రాజకీయాలూ వచ్చాయి. జిల్లా అంతటినీ ఒప్పించాల్సిన చోట కొన్ని పదుల మందిని కాపాడుకుంటే చాలు!

ఇరాక్‌లోని స్వయంపాలిత కుర్దిస్తాన్ ప్రాంతానిదీ ఇలాంటి కథే. 2005లో మసూద్ బర్జానీని ఆ ప్రాంత అధ్యక్షుడిగా అక్కడి పార్లమెంటు ఎన్నుకుంది. 2009 జులై 25న ప్రజలే నేరుగా ఓటేసి, దాదాపు 70 శాతం ఓట్లతో ఆయనను మళ్లీ గెలిపించారు. 2013లో మరో ప్రత్యక్ష ఎన్నిక జరగకుండానే పార్లమెంటు ఆయన పదవీకాలాన్ని రెండేళ్లు పొడిగించింది. స్వాతంత్ర్య రెఫరెండం తర్వాత 2017లో ఆయన తప్పుకున్నారు. 2019లో నెచిర్వాన్ బర్జానీని ఎన్నుకున్నది మళ్లీ పార్లమెంటే. అక్కడి మార్పు వెనుక పార్టీల లెక్కలున్నాయి, ఇక్కడ దేశమంతటికీ ఒకటే నియమం పెట్టాలన్న ఆలోచన ఉంది.

ఇక్కడ 1995 తర్వాతి పరోక్ష పద్ధతిలోనే విజయనగరంలో బొత్స ఝాన్సీలక్ష్మి, శోభా స్వాతిరాణి, శ్రీకాకుళంలో చౌదరి ధనలక్ష్మి, పిరియా విజయ అధ్యక్షులయ్యారు. 2022 ఏప్రిల్ 4న ఈ రెండు జిల్లాల భాగాలతో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినా, పరిషత్తులు పాత హద్దుల్లోనే కొనసాగాయి.