గేటు పోయి వంతెన వచ్చిన కథ

1874లో నిజాము రాజ్యమున వాడి జంక్షను నుండి సికింద్రాబాదు వరకు ఇనుపదారి పడినపుడు, నేడు హైటెక్ సిటీ యని పిలువబడుచున్న ప్రాంతమంతయు రాతిగుట్టలును, చెరువులును, మెట్టచేలునుగా నుండెను. దారికడ్డముగా పోవునవి ఎడ్లబండ్లే గావున, రైలునకును రోడ్డునకును నేల వేరుచేయవలసిన యగత్య మెవ్వరికిని తోపలేదు.

1932లో ఆ నిజాము రైల్వేయే 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను రోడ్డు రవాణా శాఖను తెరచెను. రైలును బస్సును ఒకే కచేరి క్రింద తోబుట్టువులవలె మెలగిన కాలమది. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడునప్పటికి అవి వేరుకాపురములు పెట్టియుండెను. వంతెనల ముచ్చటకు ముందు చెప్పుకొనవలసినది ఈ వేరుపాటే యని నా యభిప్రాయము.

1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ అను సాఫ్ట్‌వేర్ కార్యాలయ భవనము వెలసెను. 2003 ఆగస్టులో పాత పట్టాలమీదనే ఎం.ఎం.టి.ఎస్. అను లోకల్ రైళ్లు తిరుగనారంభించెను. పట్టాలు దాటు రోడ్డున గేటు పడినదన్న విసుగుకొననివా రెవ్వరు? రైళ్లు పెరిగినకొలది రోడ్డున నిరీక్షణయు పెరుగును గనుక, రైలు తరచుగా రావలెనన్నను, బస్సు వేళకు చేరవలెనన్నను, ఒక దారిని ఎత్తుటయో దించుటయో తప్పదు. అట్లే హైటెక్ సిటీ రైలుస్టేషను చెంత 2021లో పట్టాల క్రింద దారియు, 2022 జూన్‌లో కైతలాపూర్‌కడ పట్టాలపై వంతెనయు తెరువబడినవి. కూకట్‌పల్లి వైపు బండ్లు ఆగక సాగుచున్నవి. కాని రోడ్డునకు దక్కిన స్వేచ్ఛ రైలునకు దక్కలేదు: దూరప్రయాణపు రైళ్లును, గూడ్సు బండ్లును అవే పట్టాలను పంచుకొనుచుండగా, లోకల్ రైలు ఐదు నిమిషముల కొకటి యెట్లు వచ్చును? గేటుకడ ఆగిన బస్సునుండి స్టేషను వాకిట దిగు సదుపాయము, ఎత్తున పరుగెత్తు బస్సునకు లేదు. ఇక వానకాలమున లింగంపల్లి అండర్‌పాసున నీరు నిలిచిననాడు, గేటే నయమనిపించును.

భరత్‌నగర్‌ అదృష్టము వేరు. అచ్చట రోడ్డు వంతెన క్రింద రైలు, ప్రక్కనే 2017 నవంబరు నుండి మెట్రో. ఒకటి దిగి మరియొకటి ఎక్కవచ్చును. హైటెక్ సిటీకి ఆ భాగ్యము లేదు. 2019లో వచ్చిన మెట్రో స్టేషనుకును, పాత పట్టాలమీది రైలుస్టేషనుకును పేరొక్కటే. నడుమ దూరము మాత్రము కాలినడకకు లొంగునది కాదు. అందుచేతనే ‘హైటెక్ సిటీ స్టేషను’ అని ఆటో ఎక్కినచో, ‘మెట్రోనా, ఎమ్మెమ్టీఎస్సా సార్?’ అని యడుగక యాటోవాడు బండి కదలింపడు.