చేపాక్ మేడలు గీసిన చిషోమ్

పందొమ్మిదో శతాబ్దంలో విశాఖపట్నం కలెక్టరు తీర్పు నచ్చకపోతే, జమీందారైనా సరే మద్రాసు దారి పట్టాల్సిందే. 1890లలో రైలు వచ్చేదాకా ఓడ ప్రయాణం ఉండనే ఉంది. భూమి తగాదాలు పైకి వెళ్లేది చేపాక్‌లోని రెవెన్యూ బోర్డుకు. కుర్రవాడు బి.ఏ. గట్టెక్కితే పట్టా ఇచ్చేది ఆ పక్కనే ఉన్న సెనేట్ హౌస్‌లో. ఈ రెండు భవనాలూ ఆర్కిటెక్టు రాబర్ట్ ఫెలోస్ చిషోమ్ గీసినవే. రాజధాని మద్రాసు కాబట్టి వాటి మీద మన వాటా కూడా ఉందనే నా లెక్క.

1865లో మద్రాసు చేరిన చిషోమ్, మొదట ప్రెసిడెన్సీ కాలేజీని ఇటలీ పద్ధతిలో కట్టారు. 1870లో పూర్తయిన ఆ భవనం అందంగానే ఉంటుంది కానీ, దాన్ని ఏ దేశంలో పెట్టినా ఒకటే. ఆయనకు చూపు మారింది ఆ తర్వాతే. గవర్నరు నేపియర్ ప్రోత్సాహంతో మదురై తిరుమల నాయకుని మహలు మరమ్మతులు చేపట్టారు. తెలుగు నాయకరాజులు లేపిన ఆ లావాటి స్తంభాలు, కమానుల మధ్య తిరిగాక, ఈ దేశపు ఎండకూ వానకూ తగిన కట్టడాలు ఇక్కడే ఉన్నాయని ఆయనకు తట్టి ఉంటుంది. ఆర్కాటు నవాబుల చేపాక్ మహళ్లను కూల్చకుండా, వాటి మధ్య బురుజు లేపి, పక్కన రెవెన్యూ బోర్డుకు అదే వరసలో మేడ కట్టారు. 1872లో మద్రాసు ప్రభుత్వానికి తొలి కన్సల్టింగ్ ఆర్కిటెక్టు అయ్యారు. 1874లో మొదలై 1879లో ముగిసిన సెనేట్ హౌస్‌కు నాలుగు మూలలా నాలుగు బురుజులు. తిరువనంతపురం మ్యూజియానికి మాత్రం కేరళ ఇళ్ల వాలు కప్పులే వేశారు. ఎక్కడి పని అక్కడి పద్ధతిలో చేయడం ఆ నాటి దొరల్లో అరుదు.

1886లో మద్రాసు పదవి వదిలారు. మాంట్ అనే ఆర్కిటెక్టు 1881లో మరణించడంతో ఆగిన బరోడా లక్ష్మీవిలాస్ మహలును పూర్తి చేసింది చిషోమే. తర్వాత లండన్ చేరి, అక్కడ స్లోన్ టెరేస్‌లో ఒక చర్చి కట్టారు. ఇప్పుడది కాడోగన్ హాల్ అనే కచేరీ మందిరం. 1915లో కన్నుమూశారు.

ఉత్తరాంధ్రకు అన్నిటికన్నా దగ్గరైన చిషోమ్ కట్టడం మద్రాసు సెంట్రల్ స్టేషను పక్కనున్న విక్టోరియా పబ్లిక్ హాలు. 1883 డిసెంబరులో దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతి. గురజాడను ఆదరించిన ప్రభువే ఆయన. పని నడిపిన కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి, మద్రాసు తెలుగు కోమటి కుటుంబీకుడు. తర్వాత ఆర్కిటెక్టు హెన్రీ ఇర్విన్ హయాంలో హైకోర్టును నిలబెట్టిందీ ఈయనే. గీత దొరది, రాయి మీదా ఇటుక మీదా చెమట మనవాళ్లది అని మామూలుగా అంటాం. ఇక్కడ పునాదిరాయి కూడా మనవాడి చేతిదే.

ఆ హాలు రుణం తీర్చుకోవడానికి ఎన్నో ఏళ్లు పట్టలేదు. బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యుల బృందం వచ్చి అక్కడ తెలుగు నాటకాలాడింది. చూసినవాళ్లలో పమ్మల్ సంబంద మొదలియార్ ఒకరు. ఆ ఊపులోనే 1891లో ఆయన సుగుణ విలాస సభ పెట్టారు, తమిళ నాటకం దారి మార్చిన సభ అది.