బందరు సముద్రస్నానం

కార్తీకమాసంలో మంగినపూడి ప్రయాణమంటే మా పుట్టింట్లో అందరికీ పండగే, ఒక్క మా అమ్మకి తప్ప. పులిహోర, దద్ధోజనం గిన్నెలకెత్తి, పొడిబట్టలు మూటకట్టి మేం గుమ్మంలో నిలబడితే, ఆవిడ టీవీలో వాతావరణం వార్తలు వింటే గాని కదలదు. "వాయుగుండమేమన్నా ఉందేమో చూడవే!"

ఆ భయం ఊరికే వచ్చింది కాదండీ. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలమందిని మింగినప్పుడు ఆవిడ బందరులో కొత్తకోడలు. అప్పుడే అత్తగారు, అంటే మా నాయనమ్మ, పెద్దలు చెప్పగా తను విన్న పాత ఉప్పెన కథ కూడా చెప్పిందిట. డచ్చివాళ్లూ, 1611లో ఇంగ్లీషువాళ్లూ వర్తకానికి వెతుక్కుంటూ వచ్చిన గొప్ప రేవు మనది. 1864 నవంబరు 1 రాత్రి గాలివానతో సముద్రం 13 అడుగులు లేచి, ఊరు ముంచి, మైళ్ల దూరం లోపలికి పోయింది. సుమారు 30,000 మంది పోయారు. రెండూ నవంబరులోనే, మనం పుణ్యస్నానాలకి ఎగబడే రోజుల్లోనే!

మంగినపూడిలో నల్లమట్టిలో కాళ్లు కూరుకుపోతుంటే పిల్లల కేరింతలు ఇంతా అంతా కాదు. అమ్మ మాత్రం మోకాలిలోతు దాటనివ్వదు. నిరుడు మా చిన్నాడు "సముద్రం ఎందాకా వచ్చింది అమ్మమ్మా?" అనడిగాడు. ఆవిడ నీళ్లకేసి చూడలేదు. వెనక్కి తిరిగి, మేమొచ్చిన దారికేసి చెయ్యి చూపించింది.