కేశ సంరక్షణ

కేశ సంరక్షణ అనగా తలవెంట్రుకలనూ, అవి మొలిచే తలచర్మాన్నీ శుభ్రంగా, ఆరోగ్యంగా ఉంచుకొనుటకు పాటించే అలవాట్ల సముదాయం. తలంటుకోవడం, నూనె రాయడం, చిక్కు తీయడం, దువ్వడం, జడ వేయడం దీనిలో ముఖ్యమైన పనులు. వెంట్రుక పెరిగే వేగం ప్రధానంగా వంశపారంపర్య లక్షణాలు, వయసు, శరీర ఆరోగ్యం మీద ఆధారపడి ఉంటుంది. పెరిగిన వెంట్రుక తెగిపోకుండా నిలవడం మాత్రం చాలావరకు ఈ అలవాట్ల మీద ఆధారపడుతుంది.

వెంట్రుక నిర్మాణం

వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. చర్మం లోపల ఉండే కుదురు మాత్రమే సజీవమైనది. పైకి కనిపించే భాగంలో జీవకణాలు ఉండవు. అందువలన చర్మానికి తగిలిన గాయం మానినట్లుగా దెబ్బతిన్న వెంట్రుక తనంతట తాను బాగుపడదు. వెంట్రుక వెలుపల, ఇంటిపై పెంకుల వలె ఒకదానిపై ఒకటి అమరిన పొలుసుల పొర ఉంటుంది. ఈ పొర అరిగిపోయినపుడు లోపలి పోగులు విడివడి కొసలు చీలుతాయి. దీనినే వెంట్రుకలు చిట్లడం అంటారు.

పెరుగుదల దశలు

మనిషి తలపై సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. ప్రతి కుదురూ మూడు దశలను దాటుతుంది.

* పెరుగుదల దశ: సాధారణంగా 2 నుండి 6 సంవత్సరాలు. ఎక్కువ భాగం వెంట్రుకలు ఈ దశలోనే ఉంటాయి. ఇది ఎంత దీర్ఘంగా ఉంటే జుట్టు అంత పొడవు పెరగగలదు.
* మార్పు దశ: 2 నుండి 3 వారాలు.
* విశ్రాంతి దశ: సుమారు 3 నెలలు. దీని చివర పాత వెంట్రుక ఊడి, కొత్తది మొలుస్తుంది.

ఈ కారణంగా రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు ఊడటం సహజం. 60 సెంటీమీటర్ల పొడవున్న జుట్టు కొస సుమారు 5 సంవత్సరాల క్రితం మొలిచినది. అన్ని సంవత్సరాల ఎండ, దువ్వెన, తలంటు భరించినది కనుక కొసలే ముందుగా తెగుతాయి.

ఊడటం, తెగడం

ఈ రెండింటికీ కారణాలు వేరు. రాలిన వెంట్రుకకు ఒక చివర చిన్న తెల్లని బుడిపె ఉంటే అది కుదురు నుండి ఊడినది. బుడిపె లేని పొట్టి ముక్కలు మధ్యలో తెగినవి. తెగడానికి కారణం సాధారణంగా అలవాట్లలో ఉంటుంది. మితిమీరి ఊడటానికి కారణం తరచుగా శరీరంలో ఉంటుంది. రక్తహీనత వలన ఊడే జుట్టుకు నూనెలు మార్చి చూస్తూ కాలం గడిపితే అసలు వ్యాధికి చికిత్స ఆలస్యమవుతుంది.

తలంటు

తెలుగువారి ఇళ్ళలో నూనె పట్టించి కుంకుడుకాయతో గాని, శీకాయతో గాని తలంటుకోవడం పూర్వకాలం నుండి ఉన్న అలవాటు. నరక చతుర్దశి, భోగి వంటి పండుగలలో తలంటు ఆచారంగా కొనసాగుతున్నది. కుంకుడుకాయలను చితగ్గొట్టి, గింజలు తీసి, వేడినీటిలో నానబెట్టి పిసికితే నురుగు వస్తుంది. ఈ నురుగుకు కారణం కాయలోని సాపోనిన్లు. ఇవి కంట్లో పడితే తీవ్రమైన మంట కలుగుతుంది. కుంకుడు రసంలో మందార ఆకులు కలపడం కొన్ని ఇళ్ళలో ఉంది. ఆకుల జిగురు వలన జుట్టు మృదువుగా ఉండి చిక్కు తేలికగా వస్తుంది.

షాంపూను ముఖ్యంగా తలచర్మానికి, కండిషనరును కొసల వైపు పట్టించాలి. ఎన్ని రోజులకు ఒకసారి తలంటుకోవాలనేది చెమట, జిడ్డు, జుట్టు స్వభావాన్ని బట్టి మారుతుంది.

తడి జుట్టు పొడి జుట్టు కంటే సులభంగా సాగి తెగుతుంది. కనుక తువ్వాలుతో గట్టిగా రుద్దడం, విదిలించి కొట్టడం కంటే మెత్తని గుడ్డతో అద్ది తడి తీయడం మంచిది. సాంబ్రాణి పొగతో జుట్టు ఆర్చడం కొన్ని ప్రాంతాలలో ఆచారం. తలుపులు మూసిన గదిలో ఈ పొగ పసిపిల్లల శ్వాసకు హానికరం.

నూనె

కొబ్బరినూనె వెంట్రుక లోపలికి కొంతవరకు ఇంకుతుంది. తలంటుకు ముందు దీనిని రాస్తే వెంట్రుక నుండి మాంసకృత్తుల నష్టం తగ్గుతుందనీ, పొద్దుతిరుగుడు నూనెకు, ఖనిజ నూనెకు ఈ గుణం కనబడలేదనీ 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. నూనె వెంట్రుకల మధ్య రాపిడిని కూడా తగ్గిస్తుంది. అయితే అది కుదురుకు ఆహారం కాదు. చుండ్రు ఉన్నవారు నూనెను తలపై రోజుల తరబడి ఉంచుకుంటే సమస్య పెరగవచ్చు. చుండ్రుకు కారణమయ్యే శిలీంధ్రం జిడ్డుపై ఆధారపడి పెరుగుతుంది.

దువ్వడం, జడ వేయడం

చిక్కును పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుండి మొదలుపెట్టి క్రమంగా పైకి తీయాలి. పై నుండి ఒక్కసారిగా లాగితే చిక్కు బిగిసి వెంట్రుకలు తెగుతాయి.

వదులు జడ జుట్టును చిక్కుపడకుండా కాపాడుతుంది. ప్రతిరోజూ బిగించి వేసే జడలు, కొప్పులు, బరువైన సవరాలు మాత్రం కుదుళ్ళను లాగుతాయి. దీనివలన నుదుటి అంచున, కణతల వద్ద జుట్టు పలచబడుతుంది. ఆరంభంలోనే బిగుతు తగ్గిస్తే జుట్టు తిరిగి వస్తుంది. సంవత్సరాల తరబడి సాగితే నష్టం శాశ్వతం కావచ్చు.

వేడి, రసాయనాలు

జుట్టును ఆర్చే, సాపు చేసే విద్యుత్ పరికరాల అధిక వేడి పొలుసుల పొరను దెబ్బతీస్తుంది. తడి జుట్టుపై వేడి ఇనుప పలకలు వాడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు ఏర్పడతాయి. అనేక నల్లరంగులలో ఉండే పారాఫినైలిన్ డయమీన్ కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది. ముందుగా చర్మంపై కొద్దిగా రాసి 48 గంటలు పరిశీలించాలి.

ఆహారం, ఆరోగ్యం

మాంసకృత్తులు, ఇనుము లోపించినపుడు జుట్టు ఊడవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో 15–49 సంవత్సరాల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. థైరాయిడ్ లోపాలు కూడా ఒక కారణం. టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ వంటి తీవ్ర జ్వరాలు, ప్రసవం తరువాత 2, 3 నెలలకు జుట్టు ఎక్కువగా ఊడుతుంది. ఇది సాధారణంగా కొన్ని నెలలలో తనంతట తానే తగ్గుతుంది.

అపోహలు

* గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది: కత్తి కుదురును మార్చదు. కోసిన మొన మొద్దుగా ఉండటం వలన కొత్త జుట్టు దట్టంగా తోస్తుంది.
* కొసలు కత్తిరిస్తే త్వరగా పెరుగుతుంది: పెరుగుదల కుదురు వద్ద జరుగుతుంది. కత్తిరింపు వలన చిట్లిన భాగం మాత్రమే తొలగుతుంది.
* పేనుకొరుకుడు పేల వలన వస్తుంది: పేరు అలా ఉన్నా ఇది శరీర రక్షణ వ్యవస్థ కుదుళ్ళపై దాడి చేయడం వలన కలిగే వ్యాధి. దీనిపై ఘాటైన పసరులు రుద్దితే చర్మం పుండు పడవచ్చు.

వైద్య సలహా

గుండ్రని మచ్చలుగా జుట్టు పోవడం, తలచర్మంపై చీము, నొప్పి, పొలుసులు, పాపిట క్రమంగా వెడల్పు కావడం, ఆరు నెలలు దాటినా ఊడటం తగ్గకపోవడం వంటి లక్షణాలు ఉన్నపుడు చర్మవ్యాధి నిపుణులను సంప్రదించాలి. కుదురు మచ్చకట్టి మూసుకుపోతే అక్కడ తిరిగి వెంట్రుక మొలవదు. కనుక ఇటువంటి సందర్భాలలో ముందుగా చూపించుకోవడం ముఖ్యం.