కొలువు చోటే పరిశోధన క్షేత్రం: హైదరాబాదు చరిత్ర నుంచి మూడు ఘట్టాలు

హుస్సేన్ సాగర్ కట్టకు దిగువన లోయర్ ట్యాంక్ బండ్‌తో మొదలై అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా నల్లకుంట దాకా పరుచుకున్న ప్రాంతం హైదరాబాదు నగరంలో చదువుకూ వైద్యానికీ చిరకాలంగా నెలవుగా ఉంది. నీటి పరీక్షలకూ టీకాలకూ పేరుపడ్డ ఐపీఎం, అంటే నివారణ వైద్య సంస్థ, నారాయణగూడలోనే ఉంది. మాడపాటి హనుమంతరావు 1928లో స్థాపించిన బాలికల పాఠశాల, కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థలు కూడా అక్కడివే. అశోక్‌నగర్‌లో నగర కేంద్ర గ్రంథాలయం, నల్లకుంటలో జనం నేటికీ కోరంటి దవాఖాన అని పిలుచుకునే అంటువ్యాధుల ఆసుపత్రి ఉన్నాయి. ఈ సంస్థల్లో పనిచేసేవారిని సాధారణంగా వైద్యులుగానో, ఉపాధ్యాయులుగానో, గుమాస్తాలుగానో లెక్కిస్తారు తప్ప పరిశోధకులుగా ఎవరూ లెక్కించరు. పరిశోధన విశ్వవిద్యాలయాల సొత్తని, పట్టాకోసం చేసేదని లోకంలో స్థిరపడిన అభిప్రాయమే దీనికి కారణం. నగర చరిత్రను కాస్త తరచి చూస్తే ఈ అభిప్రాయం నిలవదు.

ఒక ఉద్యోగి తాను పనిచేసే చోటనే, రోజువారీ విధుల నడుమనే, ఆ పనిలో ఎదురైన ఒక ప్రశ్నను పట్టుకొని, ఆధారాలు కూడబెట్టి, ఫలితాన్ని నలుగురి పరిశీలనకు పెట్టడాన్ని కొలువులోని పరిశోధన అనవచ్చు. దీనికి శాస్త్రరీత్యా ఒక పేరు, ఒక పద్ధతి ఏర్పడింది 20వ శతాబ్ది నడిమి కాలంలో. అమెరికాలో స్థిరపడిన మనోవిజ్ఞానవేత్త కర్ట్ లెవిన్ 1946లో ప్రకటించిన వ్యాసంలో, పరిస్థితిని మారుస్తూ ఆ మార్పునే అధ్యయనం చేసే విధానాన్ని ప్రతిపాదించాడు. స్టీఫెన్ కోరీ 1953లో వెలువరించిన గ్రంథంలో దానిని బడి ఉపాధ్యాయులకు అన్వయించాడు. తెలుగు ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాలలో చర్యాత్మక పరిశోధన అన్నపేరుతో కనిపించేది ఇదే. అయితే పేరు పుట్టడానికి సుమారు అర్ధశతాబ్దం ముందే హైదరాబాదు, సికింద్రాబాదులలో ఈ తరహా పరిశోధన ప్రపంచం దృష్టిని ఆకర్షించేంత స్థాయిలో జరిగింది. దాని బలమేమిటో, దానిలోని ప్రమాదమేమిటో కూడా ఇక్కడే బయటపడ్డాయి.

మొదటి ఘట్టం మత్తుమందుకు సంబంధించినది. 1847లో ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారంను వాడుకలోకి తెచ్చాడు. మరుసటి సంవత్సరం జనవరిలోనే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక కాలిగోరు తీయించుకునేందుకు ఆ మందు పీల్చి కన్నుమూసింది. అటువంటి మరణాలు పెరిగే కొద్దీ వైద్యలోకం రెండుగా చీలింది. మందు ముందుగా గుండెను ఆపుతుందని నమ్మినవారు రోగి నాడి మీద చేయి వేసి ఉంచాలన్నారు. ముందుగా ఆగేది శ్వాసేనని నమ్మిన ఎడిన్‌బరో సంప్రదాయం వారు ఊపిరిని గమనిస్తే చాలన్నారు. ఆ సంప్రదాయంలో జేమ్స్ సైమ్ వద్ద శిక్షణ పొందిన ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, వైద్య పాఠశాలకు ప్రధానాచార్యుడై, అఫ్జల్‌గంజ్ దవాఖానలో శస్త్రచికిత్సలన్నిటికీ క్లోరోఫారంనే వాడించాడు. ఆ పాఠశాల విద్యార్థిని రూపాబాయి ఫర్దూన్జీ మత్తు ఇవ్వడంలో నిపుణురాలై, తర్వాతి కాలంలో ఎడిన్‌బరోలో పైచదువులు చదివింది. స్త్రీలలో ఆ విద్యకు ఆద్యురాలిగా చరిత్రకారులు ఆమెను గుర్తిస్తారు.

తన దవాఖానలో శ్వాసను మాత్రమే గమనిస్తూ మందు ఇస్తే రోగులు చనిపోవడం లేదన్నది లారీ ప్రత్యక్షంగా చూసిన విషయం. దానిని నిరూపించడానికి 1888లో ఆయన చొరవతో మొదటి క్లోరోఫారం కమిషన్ ఏర్పడి జంతువుల మీద ప్రయోగాలు చేసింది. లండన్ వైద్యపత్రిక ది లాన్సెట్ ఆ ఫలితాలను అంగీకరించకపోవడంతో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం 1,000 పౌండ్లు ఇచ్చి, పత్రిక తరఫున ఒక నిపుణుణ్ణి పంపమని కోరింది. ఆ విధంగా 1889లో థామస్ లాడర్ బ్రంటన్ హైదరాబాదుకు వచ్చాడు. లారీ అధ్యక్షతన బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులుగా రెండో కమిషన్ పనిచేసింది. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువుల మీద పరీక్షలు జరిగాయని బ్రంటన్ తంతి పంపాడు. ధమనిలోకి గొట్టం అమర్చి, తిరిగే పీపా మీది కాగితంపై రక్తపీడనం హెచ్చుతగ్గులను గీతలుగా నమోదు చేసే యంత్రాన్ని ఆనాడే ఇక్కడ వాడారు. గుండె మీద క్లోరోఫారం నేరుగా ప్రమాదకర ప్రభావం చూపుతుందని నమ్మి వచ్చిన బ్రంటన్, హైదరాబాదులో చూసిన ప్రయోగాలతో అభిప్రాయం మార్చుకొని, ముందుగా ఆగేది శ్వాసేనన్న లారీ వాదాన్ని సమర్థించాడు.

ఇది ఆనాటి సంస్థాన వైద్యానికి దక్కిన పెద్ద గౌరవమే. అయినా ఆ తీర్మానం చివరికి నిలవలేదు. 1911లో ఎ.జి.లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాలలో, మత్తు తేలికగా ఉన్న దశలో క్లోరోఫారం జఠరికలను, అంటే గుండె దిగువ గదులను, లయ తప్పించి గిలగిల కొట్టుకునేలా చేసి, రక్తాన్ని తోయలేని స్థితికి తెచ్చి ఉన్నట్టుండి ప్రాణం తీయగలదని రుజువైంది. లారీ అబద్ధం చెప్పలేదు. ఆయన దవాఖానలో మరణాలు అరుదన్న మాట అవాస్తవమని ఎవరూ రుజువు చేయలేదు. ఆయన పొరపాటు వేరే చోట ఉంది. తన శిష్యులు ఒకే పద్ధతిలో, నిలకడగా, గాఢంగా మత్తు ఇస్తున్నందువల్ల తన కప్పు కింద కనిపించని ప్రమాదం లోకంలో ఎక్కడా ఉండదని ఆయన తేల్చేశాడు. కొలువులోని పరిశోధకుడికి ఎదురయ్యే అసలు ప్రమాదం ఇదే: ఇంటి సంగతి లోకమంతటి సంగతిగా తోచడం. బయటినుంచి నిపుణుణ్ణి పిలిపించినా ఆ దోషం తొలగలేదు, ఎందుకంటే వచ్చినవాడు కూడా లారీ ఏర్పరిచిన ప్రశ్ననే, లారీ ఏర్పరిచిన చోటనే, లారీ అధ్యక్షతనే పరీక్షించాడు. అయితే ఒక మేలు జరిగింది. కమిషన్ తన ప్రయోగాల వివరాలన్నిటినీ 1891లో బొంబాయిలో గ్రంథంగా అచ్చువేయించడంతో, తర్వాత వచ్చినవారికి వాదించడానికీ, సరిదిద్దడానికీ ఒక ఆధారం చిక్కింది.

రెండో ఘట్టం దీనికి పూర్తిగా భిన్నమైన పరిస్థితుల్లో జరిగింది. రొనాల్డ్ రాస్‌కు నిజాం ఖజానా లేదు, కమిషన్ లేదు, సెలవూ లేదు. 19వ మద్రాసు పదాతి దళానికి వైద్యాధికారిగా సికింద్రాబాదుకు 1895లో వచ్చిన ఆయన, బేగంపేటలోని సైనిక ఆసుపత్రిలో రోగులను చూసే పని చేస్తూనే, మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందన్న పాట్రిక్ మాన్సన్ ఊహను పరీక్షించడానికి పూనుకున్నాడు. నడుమ బెంగుళూరులో కలరా నివారణ పనికి వెళ్లవలసి వచ్చింది. తిరిగివచ్చాక 1897 ఆగస్టులో, రెక్కల మీద మచ్చలున్న ఒక జాతి దోమలను లార్వాల నుంచి పెంచి, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించి, కాటుకు ఒక అణా చొప్పున చెల్లించాడు. కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా వేయించకుండా ఆ ఉక్కలో, చెమటకు మరలు తుప్పుపట్టిన సూక్ష్మదర్శినితో పనిచేసి, ఆగస్టు 20న దోమ జీర్ణకోశపు గోడలో క్రిమికి సంబంధించిన నల్లని రేణువులు గల కణాలను కనుగొన్నాడు. మరునాడు కోసిన దోమలో ఆ కణాలు మరింత పెద్దవిగా కనిపించడంతో, అవి పెరుగుతున్నాయన్నది తేలింది.

ఆయన చేతిలోని ఆధారం రెండు దోమలు మాత్రమే. అందుకు రాస్ చేసిన పని గమనించదగ్గది. స్లైడులను లండన్‌కు పంపాడు. 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన వ్యాసానికి, వాటిని చూసిన మాన్సన్ తదితరుల అభిప్రాయాలు కూడా జతయ్యాయి. తాను చూసింది నిజమా కాదా అన్న తీర్పును ఆయన ఇతరుల కళ్లకు వదిలిపెట్టాడు. సెప్టెంబరులోనే ప్రభుత్వం ఆయనను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేయడంతో పని ఆగింది; 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి దోమ ద్వారా వ్యాధి సంక్రమించే మార్గాన్ని పూర్తిగా చూపగలిగాడు. మనిషి మలేరియా విషయంలో అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం దానిని నిరూపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన పరాన్నజీవుల అధ్యయన సంస్థగా ఆయన పేరుతోనే ఉండగా, నల్లకుంట కోరంటి దవాఖాన అధికారిక నామంలో కూడా ఆయన పేరు చేరింది. ఒక రెజిమెంటు ఆసుపత్రిలో వైద్యాధికారిగా పనిచేస్తూ జ్వరపీడితుడైన సిపాయి మంచం పక్కనే ప్రశ్న వేసుకున్న మనిషి పేరు అంటువ్యాధుల దవాఖానకు ఉండడం ఎంతో సముచితం.

ఈ ఘట్టంలో హుసేన్ ఖాన్ స్థానాన్ని కూడా తలచుకోవాలి. తనకు మందిచ్చే అధికారి అడిగితే సైనిక ఆసుపత్రిలోని రోగి కాదనగలడా అన్న ప్రశ్నకు ఆ కాలంలో ఎక్కడా చోటు లేదు. భారత వైద్య పరిశోధన మండలి 1980లో తొలి నైతిక విధాన ప్రకటన చేసి, 2000లోనూ 2017లోనూ దానిని విస్తరించి మార్గదర్శకాలుగా వెలువరించింది; ఉద్యోగులు, విద్యార్థులు, సైనిక సేవలోని కింది సిబ్బంది వంటి అధికార క్రమంలో ఉన్నవారి సమ్మతి విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరమని చెప్పింది. పైఅధికారే పరిశోధకుడైనప్పుడు కింది ఉద్యోగి చెప్పే అవునన్న మాట స్వేచ్ఛగా వచ్చిందో భయంతో వచ్చిందో తేల్చడం కష్టం గనుక, కొలువులోని పరిశోధనకు ఈ నియమం ప్రాణం వంటిది.

మూడో ఘట్టం వైద్యం నుంచి సాహిత్యానికి మళ్లుతుంది. నారాయణగూడకు ఆనుకొని, తిలక్ రోడ్డు దారిలో, కొత్వాల్ రాజబహదూర్ వెంకటరామారెడ్డి 1918లో నెలకొల్పిన రెడ్డి హాస్టల్ నిర్వహణలో పాలుపంచుకున్న సురవరం ప్రతాపరెడ్డి, 1926 మే 10న గోలకొండ పత్రికను వారానికి రెండుసార్లు వెలువడే పత్రికగా ప్రారంభించాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరనదగినంత తక్కువన్న ముడుంబై వెంకట రాఘవాచార్యుల మాట ఆయనను కలచివేసింది. దానికి జవాబు చెప్పడానికి ఆయన ఎంచుకున్న సాధనం ఉపన్యాసం కాదు, సంపాదకీయ ఖండన కాదు, తన పత్రికే. కవుల పేర్లు, ఊళ్లు, పద్యాలు పంపవలసిందిగా ఆ పత్రిక ద్వారా పిలుపునిచ్చి, ఊరూరా ఉన్న పాఠకులను సమాచారం సేకరించేవారిగా మార్చాడు. వచ్చిన దాన్ని వడగట్టి, 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను ప్రచురించాడు. విశ్వవిద్యాలయం చేయని పనిని ఒక పత్రికా కార్యాలయం, దాని చందాదారుల అండతో చేసింది.

ప్రతాపరెడ్డి కూడా లారీలాగే జవాబును ముందుగా చేతబట్టుకొనే మొదలుపెట్టాడు: తెలంగాణలో కవులున్నారని. అయినా ఆయన తన నిర్ణయాన్ని మాత్రమే చెప్పి ఊరుకోక, ఆధారాలను, అంటే పద్యాలను, ముందుకు తెచ్చిపెట్టాడు గనుక, చదివినవారెవరైనా వాటి విలువను తామే తూచుకోవచ్చు. ఆ పద్ధతికి పరిమితి లేకపోలేదు. పత్రిక అందని చోట, చదువు రానివారి నోట పాటగా బతికిన కవిత్వం పోస్టులో రాదు. ఆ భాగం వెలికిరావడానికి బిరుదురాజు రామరాజు వంటివారు పల్లెలకు వెళ్లి వినవలసి వచ్చింది. ఆయన తెలుగు జానపద గేయ సాహిత్యము 1958లో గ్రంథంగా వెలువడింది. సంచిక కూడబెట్టిన దానికి ఈ పరిశోధన పక్కనుంచి వచ్చి తోడైంది. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రతాపరెడ్డికి మరణానంతరం, 1955లో, తెలుగులో తొలి సాహిత్య అకాడెమీ బహుమతిని తెచ్చింది.

తన కళ్లముందు నడిచిన ఉద్యమానికి తానే చరిత్ర రాసిన మాడపాటి హనుమంతరావు కూడా ఈ కోవకే చెందుతాడు. తెలంగాణ ఆంధ్రోద్యమం గ్రంథం రాసింది ఆ ఉద్యమాన్ని నడిపినవారిలో ఒకడు గనుక, బయటివారికి తెలియని సభల సంగతులు అందులో దొరుకుతాయి. అదే కారణంగా దానిని ఇతర ఆధారాలతో సరిపోల్చుకొని చదవవలసి ఉంటుంది.

ఈ మూడు ఘట్టాలనూ కలిపి చూస్తే, లోపలివాడు కావడమే పరిశోధనకు దోషమన్న వాదం సరికాదని తేలుతుంది. సికింద్రాబాదు ఆసుపత్రిలో పనిచేయనివాడికి ఆ రోగి దొరికేవాడు కాదు, పత్రిక నడపనివాడికి ఆ ఉత్తరాలు అందేవి కావు. లోపలివాడు తానే ఆధారాన్ని సేకరించి, తానే తీర్పరి కూడా అయినప్పుడే చిక్కు వస్తుంది.

నేడు బి.ఎడ్. కళాశాలల్లో శిక్షణ పొందే ఉపాధ్యాయులు, తమ తరగతిలో పిల్లలు గుణకారం ఎందుకు తప్పుతున్నారో, బాలికలు ఏ నెలల్లో ఎక్కువగా బడి మానుతున్నారో వంటి ప్రశ్నల మీద చర్యాత్మక పరిశోధన చేసి నివేదికలు రాస్తున్నారు. మార్కులు పడగానే అవి సాధారణంగా అటకెక్కుతాయి. దవాఖానల్లో, ప్రయోగశాలల్లో ఉద్యోగులు తమ పని నుంచి తీసిన లెక్కలకు కూడా తరచూ ఇదే గతి పడుతుంది. వ్యక్తుల పేర్లు తొలగించి, ఇటువంటి నివేదికలను అశోక్‌నగర్ నగర కేంద్ర గ్రంథాలయంలో ఒక ప్రత్యేక విభాగంగా భద్రపరచి, ఎవరైనా చదివి తప్పొప్పులు చెప్పగలిగేలా తెరిచి ఉంచవలసిందిగా విద్యాశాఖనూ వైద్యశాఖనూ గ్రంథాలయ సంస్థనూ కోరవలసి ఉంది. ఆ నివేదికలను రాసినవారు కూడా ఒక ప్రతిని అక్కడికి చేర్చడానికి ముందుకు రావాలి.